మంత్రి గారూ, పులికాట్ పక్షులను చూశారు, మా పొయ్యి సంగతి చూస్తారా?

రాష్ట్ర పర్యాటక శాఖ మంత్రి గారికి,

సూళ్లూరుపేట నుంచి నమస్కారాలు. మేమిచ్చిన వినతిపత్రాలు తమ దాకా వచ్చాయో లేదో తెలియదు. తీసుకున్నవారు ముద్ర కొట్టి రసీదులు మాత్రం శ్రద్ధగా ఇచ్చారు. జవాబు రాలేదు కనుక నలుగురూ చదివేలా రాస్తున్నాను.

పులికాట్ సరస్సు ఒడ్డున స్థానిక వంటల శాల కట్టిస్తామనీ, మా మత్స్యకార మహిళలే నడుపుకోవచ్చనీ తమరు చెప్పి వెళ్లారు. స్థలం చూశారు, ఫొటోలు తీసుకున్నారు. అక్కడ ఇప్పటికీ తుమ్మచెట్లే ఉన్నాయి. నీడ బాగుంటుంది లెండి.

2022లో పులికాట్ తిరుపతి జిల్లాలోకి వచ్చినప్పుడు సంబరపడ్డాం. కొండ మీద మాంసాహారం నిషేధం, అది అలాగే ఉండాలి. కానీ దర్శనం చేసుకుని శ్రీకాళహస్తి, తడల మీదుగా చెన్నై వెళ్లేవారూ, శ్రీహరికోటలో రాకెట్ ప్రయోగం చూడవచ్చేవారూ దారిలో ఏం తింటున్నారు? ధాబాలో పనీర్ కూర. కూతవేటు దూరంలో పట్టిన రొయ్యలూ పీతలూ మాత్రం తెల్లవారకముందే చెన్నై బండి ఎక్కుతాయి.

ఎందుకంటే మాకు ఐసు లేదు. పీత బతికి ఉంటేనే ధర. కాళ్లు కట్టి, తడి గోనె కప్పినా మా ఎండకు ఎంతసేపు ఆగుతుంది? ఐసు లేని రొయ్యకు తల నల్లబడుతుంది. అందుకని దళారి చెప్పిందే ధర. అప్పు అతనిదే, ఐసు అతనిదే, చివరికి తక్కెడ కూడా అతనిదే.

మిగిలిన సరుకుతో ఆడవాళ్లు రోడ్డు పక్కన కూర్చుంటారు. పైన కప్పు లేదు, కుళాయి లేదు, మరుగుదొడ్డి అసలే లేదు. కార్లు ఆపినవారు "ఇక్కడే వండి పెడతారా అమ్మా?" అని అడుగుతారు. మామిడికాయ వేసిన చేపల పులుసు, మిరియాలు దంచి చేసే పీతల వేపుడు, ఎండురొయ్యల వంకాయ కూర, ఇవన్నీ వాళ్లకు చేతనైనవే. పొయ్యి పెడితే తీసెయ్యమంటారు. లైసెన్సు తెచ్చుకోమంటారు. లైసెన్సుకు కుళాయి చూపించాలట, కుళాయికి కట్టడం ఉండాలట. ఆ కట్టడం తమరు కడతామన్న శాలే కదా!

2025 జనవరిలో పక్షుల పండుగ మూడు రోజులు ఘనంగా జరిగింది. సంతోషం. ఫ్లెమింగోలకు సరస్సులోనే మేత దొరుకుతుంది, వాటికి లైసెన్సు అక్కర్లేదు. పండుగ అయిపోయాక మా సంగతేమిటి? అదే ఏడాది పక్కనున్న చిత్తూరులో తోతాపురి మామిడికి ధర పడిపోయి, ప్రభుత్వమే కిలోకు 4 రూపాయలు కలపాల్సి వచ్చింది. ఆ మామిడీ, చిత్తూరు బెల్లమూ, మా రొయ్యలూ ఒకే కప్పు కింద అమ్మితే కొనేవారు లేకపోరు.

రాయదొరువు దగ్గర సముద్ర ముఖద్వారం పూడిపోతోంది. ఉప్పునీరు లోపలికి రాకపోతే వండడానికి రొయ్యే ఉండదు. అది తమ శాఖ కాదంటారు, తెలుసు. ఏ శాఖదో వారికైనా ఒక మాట చెప్పండి.

దయచేసి ఐసు గది ఒకటి, కుళాయి ఒకటి, పైన కప్పు ఇప్పించండి. వంటల శాల కట్టే ఉద్దేశం లేకపోతే ఆ మాటే రాసి పంపండి. మళ్లీ రసీదు మాత్రం వద్దు.

ఇట్లు,
పులికాట్ ఒడ్డు మత్స్యకార కుటుంబాల్లో ఒకడు