బుడమేరు గట్టుపై ఓట్ల లెక్కలు

విజయవాడ మీదుగా పారే బుడమేరు వాగు వరదపై మన పార్టీలు సాగిస్తున్న చర్చ నీటి లెక్కను వదిలి ఓట్ల లెక్క చుట్టూనే తిరుగుతోంది. 2024 సెప్టెంబరులో గట్టుకు గండ్లు పడి సింగ్‌నగర్ రోజుల తరబడి మునిగినప్పుడు మా ఇంటి గోడపై నడుమెత్తున పడిన బురద చార, రెండుసార్లు సున్నం వేసినా, ఇంకా కనిపిస్తూనే ఉంది. ఆ తరువాత మా పేటలో జరిగిన మూడు సభలకూ వెళ్లాను. గండి ఎవరి హయాంలోని నిర్లక్ష్యమో గంటల తరబడి చెప్పిన వక్తలలో ఒక్కరైనా వెలగలేరు రెగ్యులేటరు (వాగు నీటిని అదుపు చేసే గేట్ల కట్టడం) వద్ద నుంచి బుడమేరు నీటిని కృష్ణలోకి తీసుకెళ్లే మళ్లింపు కాలువ ఎంత నీటిని మోయగలదో, ప్రకాశం బ్యారేజీ వద్ద కృష్ణ నాటిలా 11 లక్షల క్యూసెక్కులు దాటి పారుతుంటే ఆ కాలువ నీరు ఎటు పోవాలో చెప్పలేదు. ఆక్రమణల ప్రస్తావన రాగానే మాట మార్చడంలో మాత్రం అన్ని పక్షాలూ ఐకమత్యం చూపాయి. మూడు లక్షలు, అంతకు మించిన జనాభా గల నగరాలలో వార్డు కమిటీలు ఉండాలని రాజ్యాంగంలోని 243ఎస్ అధికరణం చెబుతున్నందున, బుడమేరు వెంట ఉన్న డివిజన్లలో వాటిని నిజంగా నడిపి, జలవనరుల శాఖ ఇంజినీరు సమక్షంలో ప్రతి పార్టీ నుంచీ ఖర్చు, గడువు, తొలగించవలసిన కట్టడాల వివరాలతో రాతపూర్వక ప్రతిపాదన తీసుకుని, వానకాలానికి ముందే వార్డు సచివాలయం గోడపై అతికించాలి.

– ఒక పాఠకుడు, సింగ్‌నగర్, విజయవాడ