సముద్రం రంగు మారినప్పుడు నీటి కదలికనూ కొలవాలి

సంపాదకులకు,

అయ్యా,

తీరం వెంట నీరు పచ్చగానో ఎర్రగానో మారినప్పుడు, చేపలు చచ్చి తేలినప్పుడు వెలువడే అధికారిక వివరణలు దాదాపు ఒకే తీరున ఉంటాయి: ఎరువులు కొట్టుకొచ్చాయి, మురుగు కలిసింది, నైట్రేట్ అనే పోషకం ఇంత ఉంది. ఈ మాటలు అబద్ధం కావు, కానీ అవి చెప్పేది సగం సంగతే. నీటిలో ఏముందన్నదానితో పాటు ఆ నీరు ఎలా కదులుతోందన్నదీ తేల్చాలి. ఆ పని చేయకుండా తీరంలో కట్టడాలకు అనుమతులివ్వడం, సముద్రం ఆరోగ్యంపై నివేదికలు రాయడం సరికాదని నా అభిప్రాయం.

నీటికి ఆ రంగు తెచ్చేవి చాలావరకు వృక్ష ప్లవకాలు, అంటే నీటిలో తేలే, మొక్కల్లా వెలుతురుతో బతికే ఏకకణ జీవులు. వాటికి వెలుతురు పైన దొరుకుతుంది. పోషకాల నిల్వ ఎక్కువగా అడుగున ఉంటుంది. ఈ రెండింటినీ కలిపేది నీటి కదలికే. తీరానికి సమాంతరంగా వీచే గాలి, భూభ్రమణం కలిసి పైనీటిని ఒడ్డుకు దూరంగా నెట్టే చోట, చల్లని అడుగునీరు పోషకాలతో సహా పైకి వస్తుంది. పెరూ తీరంలోని ఆంకోవెటా చేపల సంపదకు ఆధారం ఇదే. 1972లో ఎల్‌నినో (పసిఫిక్ పైనీరు వేడెక్కే పరిణామం) వచ్చి ఆ సరఫరా దెబ్బతినడంతో, అప్పటికే మితిమీరిన వేటకు గురైన ఆ చేపల నిల్వ కుప్పకూలింది. అలాగని నీరు ఎంత కలిస్తే అంత మంచిదనీ కాదు. కణాలను వెలుతురు అందని లోతుకు పదేపదే లాక్కుపోయే నీటిలో పోషకాలు ఎన్ని ఉన్నా ప్లవకాలు విస్తరించలేవని సముద్ర శాస్త్రవేత్త హెరాల్డ్ స్వెర్‌డ్రప్ 1953లోనే లెక్కగట్టి చూపారు.

లోతు తక్కువగా ఉండే తీర సముద్రాల్లో నీటిని ముఖ్యంగా కలిపేవి ఆటుపోట్లు. నీటి లోతును పోటు ప్రవాహ వేగపు ఘనంతో భాగిస్తే వచ్చే విలువను బట్టి, వేసవిలో ఎక్కడ నీరు పొరలు కడుతుందో, ఎక్కడ అడుగు నుంచి పైదాకా కలిసే ఉంటుందో చెప్పవచ్చని సింప్సన్, హంటర్ అనే శాస్త్రవేత్తలు 1974లో ఐరిష్ సముద్రాన్ని పరిశీలించి చూపారు. ఇక్కడ ఘనం అన్న మాటను తేలిగ్గా తీసుకోకూడదు. ప్రవాహ వేగం ఐదో వంతు తగ్గితే చాలు, కలిపే శక్తి దాదాపు సగానికి పడిపోతుంది. అడ్డుగోడ వల్ల ‘ప్రవాహం స్వల్పంగా తగ్గవచ్చు’ అని ఒక్క వాక్యంతో సరిపెట్టే నివేదికలు ఈ చిన్న గుణకారమైనా చేసి చూడాలి.

కదలిక తగ్గితే ప్లవకాల పరిమాణమే కాదు, జాతులూ మారవచ్చు. డయాటమ్‌లు అనే ప్లవకాలకు సిలికా పెంకు బరువు. ఈదే అవయవం లేదు. నీరు కుదురుకుంటే అవి కిందికి దిగిపోతాయి. డైనోఫ్లాజెల్లేట్‌లు అనే మరో రకం ప్లవకాలు అలా కాదు. రెండు కొరడాల వంటి తోకలతో గంటకు మీటరు దాకా ఈదగల జాతులు వాటిలో ఉన్నాయి. పగలు వెలుతురు కోసం పైకి వచ్చి, రాత్రి పోషకాల కోసం కిందికి దిగుతాయి. నిలకడ నీరు వాటికి అనుకూలం, వాటిలో కొన్ని విషాన్ని తయారుచేస్తాయి. నైట్రేట్ అంకె ఒక్కటే చూసినవారికి ఈ మార్పు కనబడదు.

సేంద్రియ పదార్థం సంగతీ ఇంతే. ఒంటరి ప్లవక కణం రోజుకు సుమారు ఒక మీటరు దిగుతుంది. అవే చచ్చిన కణాలు, వాటిని తినే చిన్న జీవులైన జంతు ప్లవకాల మలం, కణాలు విడిచే జిగురు చక్కెరలు ఒకదానికొకటి తగిలి ముద్దకట్టాయంటే రోజుకు పదుల మీటర్లు, ఒక్కోసారి వంద మీటర్లకు పైగా దిగుతాయి. మోస్తరు కదలిక వాటిని కలుపుతుంది, మరీ ఎక్కువైతే విడగొడుతుంది. అడుగు చేరిన పదార్థం కుళ్లేటప్పుడు ఆక్సిజన్ ఖర్చవుతుంది. నీరు పొరలు కట్టి ఉంటే పైనుంచి కొత్త ఆక్సిజన్ అందదు. మెక్సికో సింధుశాఖలో మిసిసిపీ నది పోషకాల వల్ల ఏటా వేసవిలో ఏర్పడే ఆక్సిజన్ కొరవడిన ప్రాంతం 2017లో 22,720 చదరపు కిలోమీటర్లకు విస్తరించింది. 2020లో సర్వేకు ముందు హన్నా తుపాను నీటిని కలిపేయడంతో అది అంచనాలకు ఎంతో దిగువన, 5,480 చదరపు కిలోమీటర్ల దగ్గర తేలింది. దాన్ని చూసి నది శుభ్రపడిందని ఎవరైనా సంబరపడి ఉంటే పొరపాటే.

మురుగును అరికడితే చాలదా అని అడిగేవారుంటారు. అరికట్టాల్సిందే. అయితే నెదర్లాండ్స్ అనుభవాన్నీ చూడాలి. అక్కడ 1971లో బ్రౌవర్స్ ఆనకట్టతో మూసేసిన గ్రేవెలింగెన్ పాయ ఉప్పునీటి సరస్సుగా మారింది. దాని లోతైన భాగాల్లో వేసవిలో ఆక్సిజన్ కొరత ఏర్పడుతోంది. పక్కనే ఉన్న ఊస్టర్‌స్కెల్డ అనే పాయను కూడా పూర్తిగా మూయాలనే తొలుత అనుకున్నారు. ఆల్చిప్పలు పెంచేవారు, పర్యావరణవాదులు గట్టిగా వ్యతిరేకించడంతో, మామూలు రోజుల్లో తెరిచి ఉంచే 62 గేట్లతో అక్కడ తుపాను అడ్డుకట్ట కట్టారు. అది 1986లో పూర్తయింది. అయినా ప్రవాహం తగ్గి, పాటు వేళ బయటపడే ఇసుక మేటలు కరుగుతూనే ఉన్నాయి.

కాబట్టి ప్రతి తీర కట్టడం అనుమతి పత్రంలో, అక్కడి నీరు ఎన్ని రోజులకోసారి మారుతోందో, కట్టాక ఎన్ని రోజులు పడుతుందో తప్పనిసరిగా చూపాలి. రోజుకు రెట్టింపయ్యే ప్లవకం రెండు రోజుల్లో ఖాళీ అయ్యే నీటిలో నాలుగింతలే కాగలదు. తినేవి లేకపోతే, పది రోజులు నిలిచిన నీటిలో వెయ్యింతలు దాటుతుంది. నమూనాలు పైనీటి నుంచే కాక, అడుగుదాకా ఉష్ణోగ్రత, లవణీయత, ఆక్సిజన్ కొలతలతో తీసుకోవాలి. ఏ తిథిన, పోటు మీదా పాటు మీదా అన్నదీ నమోదు చేయాలి. శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతం దక్షిణ భాగంలో వసంతకాలపు ప్లవకాల ఉధృతి పోటు బలహీనంగా ఉండే రోజులతో ముడిపడి ఉంటుందని తేలింది. పోటు బలంగా ఉండే అమావాస్యకు తీసిన నమూనాను, అది బలహీనంగా ఉండే అష్టమి నాటి నమూనాతో పోల్చి, కాలుష్యం తగ్గిందనో పెరిగిందనో తీర్మానిస్తే ఎలా?

పత్రికలకూ ఒక మనవి. ఇకపై ఇలాంటి అంకెలు ప్రచురించే ముందు, ఆ నీటిని ఎంత లోతులో, ఏ పోటున తీశారో అధికారులను అడిగి, ఆ వివరాన్నీ అంకె పక్కనే వేయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు