అక్టోబరు మంచు, కరెంటు: న్యూజెర్సీ, కనెటికట్ వాళ్లు ఒకసారి చదవండి

జనవరిలో అడుగు మంచు పడినా పోని కరెంటు అక్టోబరులో ఆరంగుళాలకే పోవచ్చు. కారణం ఆకులు. మేపుల్, ఓక్ చెట్లకి అప్పటికింకా ఆకులు రాలవు. తడిమంచు వాటిమీద పేరుకుంటే, బరువుకి కొమ్మ విరిగి తీగల మీద పడుతుంది. 2011 అక్టోబరు 29న అదే జరిగి ఈశాన్య రాష్ట్రాల్లో 30 లక్షలకు పైగా కనెక్షన్లకు కరెంటు పోయింది. కనెటికట్‌లో కొన్ని ఊళ్లకి వారం దాటినా రాలేదు.

కరెంటు పోతే, మీటరు నుంచి గోడ వెంట పైకి వెళ్లే, కరెంటు తీగ ఉండే పైపుని దూరం నుంచే చూడండి. అది వంగినా, గోడ నుంచి ఊడినా బాగుచేయించుకోవాల్సింది మామూలుగా ఇంటివాళ్లే. ముందు ఎలక్ట్రీషియన్ దాన్ని బాగుచేయాలి, ఆ తర్వాతే కరెంటు కంపెనీ కనెక్షన్ ఇస్తుంది. వీధంతా వెలిగి మీ ఇల్లొక్కటే చీకట్లో ఉంటే మొదట అనుమానించాల్సింది దాన్నే.

గ్యాస్ ఫర్నేస్ కదా, ఆగదులే అనుకోకండి. దాని ఫ్యాను నడిచేది కరెంటు మీదే. అలాగని ఓవెన్ వెలిగించి చలి కాచుకోవద్దు. జనరేటరు ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో, ఆరుబయటే. తలుపు తెరిచి ఉంచినా గరాజ్ పనికిరాదు. వీటి నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకి వాసన ఉండదు. ట్రాన్స్‌ఫర్ స్విచ్ (ఇంటిని బయటి కరెంటు లైను నుంచి విడదీసే స్విచ్) లేకుండా జనరేటరుని గోడ ప్లగ్గులో పెడితే కరెంటు వెనక్కి పారి లైన్‌మన్ ప్రాణం తీస్తుంది.

తలుపు తీయకపోతే ఫ్రిజ్‌లో చల్లదనం 4 గంటలు, నిండా ఉన్న ఫ్రీజరులో 48 గంటలు, సగమే ఉంటే 24. దోసెల పిండి పులిసినా పోసుకోవచ్చు గానీ, 40 డిగ్రీల ఫారెన్‌హీట్ పైన రెండు గంటలు దాటిన పాలు, చికెన్ పారేయండి.