నీళ్లున్నాయి, గొట్టాలే పగిలాయి

సంపాదకులు గారికి,

నమస్కారం. 1906 నాటి శాన్‌ఫ్రాన్సిస్కో అగ్నిప్రమాదంపై మీ పత్రిక ఇటీవల ప్రచురించిన వ్యాసం చదివాను. ఊళ్లో నీళ్లు లేకనే మంటలు అదుపు తప్పాయన్న వాక్యం మాత్రం సరికాదు. ఏప్రిల్ 18 తెల్లవారుజామున వచ్చిన భూకంపానికి ఊరి వెలుపలి జలాశయాల కట్టలు చెక్కుచెదరలేదు. అక్కడి నుంచి నీళ్లు తెచ్చే పెద్ద గొట్టాలు, వీధుల్లోని గొట్టాలు వందల చోట్ల పగలడంతో హైడ్రంట్లు (మంటలార్పేవాళ్లు నీళ్లు పట్టుకునే వీధి కుళాయిలు) ఎండిపోయాయి. సముద్రపు నీటితో పనిచేసే వేరే ఏర్పాటు కావాలని అంతకుముందే కోరిన అగ్నిమాపక అధిపతి డెనిస్ సలివాన్, అదే భూకంపంలో గాయపడి నాలుగు రోజులకు కన్నుమూశారు.

ఆ తర్వాత నగరం మంచినీటి గొట్టాలతో పొత్తు లేకుండా, మంటలార్పడానికే ప్రత్యేక వ్యవస్థను కట్టుకుంది. ట్విన్ పీక్స్ కొండ మీది జలాశయంలో కోటి గ్యాలన్లకు పైగా నీళ్లుంటాయి; అవి ఉన్న ఎత్తే కావలసిన ఒత్తిడినిస్తుంది కనుక మామూలు సమయాల్లో పంపు అవసరం లేదు. ఈ వ్యవస్థ హైడ్రంట్లు మామూలు వాటికన్నా బాగా లావుగా ఉంటాయి. వాటి టోపీ రంగే నీళ్లెక్కడివో చెబుతుంది: నలుపైతే ట్విన్ పీక్స్, ఎరుపైతే ఆష్‌బరీ ట్యాంకు, నీలమైతే జోన్స్ వీధి ట్యాంకు. ఇక్కడ ఉంటున్న నేను చాలాకాలం అవి అలంకారం కోసమనే అనుకున్నాను! కూడళ్లలో తారు మధ్య ఇటుకలతో పేర్చిన పెద్ద వలయం కనబడితే, దాని కింద నీటి తొట్టి ఉన్నట్టు లెక్క.

20వ వీధి, చర్చ్ వీధి కలిసేచోట 1906లో నీళ్లిచ్చి మిషన్ ప్రాంతాన్ని కాపాడిన చిన్న హైడ్రంటుకు ఏటా ఏప్రిల్ 18 వేకువన జనం బంగారు రంగు పూస్తారు.

అయితే కొత్త వ్యవస్థకూ తిరుగులేదని చెప్పలేం. 1989 భూకంపంలో దాని గొట్టాలూ పగిలి, జోన్స్ వీధి ట్యాంకు ఖాళీ అయింది. మెరీనా ప్రాంతం తగలబడుతుంటే ఫీనిక్స్ అనే అగ్నిమాపక పడవ సముద్రపు నీటిని తోడగా, సిబ్బంది వీధుల్లో లావు హోసులు పరిచి, చేత్తో మోసుకెళ్లగల హైడ్రంట్లను వాటికి తగిలించి మంటలార్పారు. అంటే నేలలో పాతుకుని ఉండాల్సిన వస్తువే ఎక్కడికంటే అక్కడికి నడిచి వచ్చిందన్నమాట.

వీలైతే ఈ సవరణను ప్రచురించగలరు.

భవదీయుడు,
శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి ఒక పాఠకుడు