ఆ బొమ్మలో ఉరి లేదు

సంపాదకులకు నమస్కారం.

ఆదివారం సంచికలో టారో కార్డుల (జోస్యం చెప్పడానికి వాడే బొమ్మల కార్డులు) మీద వేసిన వ్యాసంలో 12వ కార్డుకు ‘ఉరి తీసిన మనిషి’ అని పేరు పెట్టి, చెడు సూచన అన్నారు. ‘హ్యాంగ్డ్ మ్యాన్’ అనే పేరు చూసి అలా రాసి ఉంటారు. కానీ ఉరి అంటే మెడకు పడే తాడు. ఆ బొమ్మలో తాడున్నది కాలికి.

నాకెందుకింత పట్టింపో చెబుతాను. మోకాలి ఆపరేషనై ఆరు వారాలు మంచం మీదున్నప్పుడు, కాలక్షేపానికి కార్డులు తీద్దామంది నా స్నేహితురాలు. నాకు వచ్చింది ఇదే. ‘అయ్యో, ఉరి!’ అంది. జోస్యాలు నమ్మే మనిషిని కాను, అయినా ఆ మాట మనసులో నాటుకుపోయింది. నాలుగు రోజులు ఒకటే టెన్షన్, నిద్ర లేదు. చివరికి ఆ కార్డే అడిగి తీసుకుని దిండు పక్కన పెట్టుకున్నాను.

అది 1909లో లండన్‌లో వెలువడిన కట్టలోది. ఆలోచన ఆర్థర్ ఎడ్వర్డ్ వెయిట్‌ది, బొమ్మ గీసింది పమేలా కోల్మన్ స్మిత్. నీలం చొక్కా తొడుక్కున్న మనిషి కుడికాలితో వేలాడుతున్నాడు. ఎడమకాలు మడిచి వెనక పెట్టాడు. చేతులు వీపు వెనక. తల చుట్టూ పసుపు కాంతి, ముఖంలో బాధ ఛాయ కూడా లేదు. అన్నిటికంటే నన్ను పట్టేసింది అతను వేలాడుతున్న ఆ కొయ్య. దానికి పచ్చటి ఆకులున్నాయి! ఉరికంబం చిగురిస్తుందా? అది ప్రాణమున్న చెట్టేననీ, ముఖంలో ఉన్నది బాధ కాదు తన్మయత్వమనీ, ఇది ఆగిన జీవితమే తప్ప చావు కాదనీ వెయిటే రాశాడు.

పాత ఇటలీలో ఈ కార్డును ‘ద్రోహి’ అనేవారు. అక్కడ ద్రోహుల బొమ్మలను తలకిందులుగా గోడల మీద గీసి పరువు తీసేవారు. కాబట్టి అవమానం అనే అర్థం దీనికి ఉంది, కాదనను. 1781లో ఫ్రాన్స్‌కు చెందిన పండితుడు కూర్ ద జెబెలాన్ అయితే, అచ్చువేసినవాళ్ళే దీన్ని తిరగేశారనీ, అసలిది ఒంటికాలి మీద నిలబడ్డ వివేకమనీ వాదించాడు. నేనూ తిప్పి చూశాను. కాళ్ళు 4 అంకెలా కనిపించాయి, అంతే. ఆయన మాట నాకు ఎక్కలేదు. వేలాడుతూ కూడా నెమ్మదిగా ఉండటంలోనే దీని అర్థమంతా ఉంది.

అప్పుడు నా కాలూ రెండు దిండ్ల మీద ఎత్తిపెట్టి ఉంది. ఎన్ని రోజులు పోయాయి, ఇంకెన్ని ఉన్నాయి అని పొద్దున్నే లెక్కపెట్టేదాన్ని. ఆ బొమ్మను చూసిచూసి లెక్క మానేశాను. తొందరపడితే కుట్లు త్వరగా మానవు కదా.

మంచం మీద పడుకుని మీ పత్రిక చదివేవాళ్ళు ఎందరో ఉంటారు. దయచేసి ‘తలకిందులుగా వేలాడే మనిషి’ అని సవరణ వేయండి. బొమ్మ కూడా వేయండి, ఆ ఆకులు కనిపించేంత పెద్దగా.

– మీ పాఠకురాలు