కాగితం ఖరాబు చేసేవాడి మాట

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ పత్రికలో ఒక పెద్దమనిషి మాటలు వేశారు. రాయడం పుట్టుకతో రావాలి, అది లేనివాళ్లు కాగితం ఖరాబు చేసేకంటే మంచి పుస్తకాలు చదువుకోవడం మేలు అని ఆయన అభిప్రాయం. చదువుకోమన్నది బాగానే ఉంది. మొదటి మాట మాత్రం నాకు ముల్లులా గుచ్చుకుంది. ముప్పై ఏళ్లుగా కాగితం ఖరాబు చేస్తున్నవాణ్ని నేను.

ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాను. మాది కర్నూలు పాతబస్తీ, జమ్మిచెట్టు దగ్గర. పదో తరగతి రెండోసారికి పాసయ్యాను. ఎక్కడ ‘శ’ పెట్టాలి, ఎక్కడ ‘ష’ పెట్టాలి అనేది నాకు ఇప్పటికీ తెగని పంచాయితీ. కథ రాయలేను, పద్యం సంగతి అడగొద్దు. ఒకసారి డిపోలో ఒకాయన రిటైర్మెంటు సభకు నాలుగు ముక్కలు రాసుకుపోయి చదివితే, రెండో ముక్కకే జనం భోజనాల వైపు చూశారు.

నేను రాయడం మొదలుపెట్టింది 1994లో. సాహిత్యం మీద ప్రేమతో కాదు, 180 రూపాయల కోసం. అప్పటికి టికెట్ కొట్టే టిమ్ మిషన్లు రాలేదు. చేతిలో టికెట్ ట్రే, స్టేజీ మారినప్పుడల్లా ఎస్సార్ అనే లెక్కల కాగితంలో టికెట్ నంబర్లు వేసుకోవాలి. ఆ రోజు డ్యూటీ దిగి లెక్క కడితే 180 తక్కువ. జేబులోంచి కట్టి ఇంటికొచ్చాను. అన్నం సహించలేదు. పిల్లల రఫ్ నోటుబుక్కు ఒకటి తీసుకుని, పొద్దున బస్సు ఎక్కినప్పటి నుంచి ఎవరికి ఏం చిల్లర ఇచ్చానో వరసగా రాస్తూ పోయాను. మూడు పేజీలు అయ్యాయి. డబ్బు ఎక్కడ పోయిందో తెలియలేదు. కానీ రాసి ముగించేసరికి గుండెలో దడ తగ్గింది. లేచి పోయి అన్నం తిన్నాను. ఆ మరుసటి రోజు లెక్క సరిగ్గానే వచ్చింది, అయినా రాత్రి నోటుబుక్కు తీశాను. అప్పటి నుంచి అలవాటైపోయింది. అర పేజీ, ఒక్కోసారి రెండు లైన్లు.

ఒక్క సంగతి చెప్తాను. జనవరి వస్తే కోసిగి, మంత్రాలయం వైపు పల్లెలు సుగ్గికి, అంటే వలస కూలికి, కదులుతాయి. గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి ఇళ్లకు తాళాలు వేసి, చెంబూ తపేలా, పిల్లలతో సహా పోతారు. మంత్రాలయం నుంచి కర్నూలు వచ్చే మా బస్సులో కాలు పెట్టే సందు ఉండేది కాదు. ఒకామె ముగ్గురు పిల్లలతో ఎక్కింది. నడిమి పాపకు టికెట్ తీసుకోలేదు. ‘నాలుగేండ్లే సామీ’ అంది. చూడబోతే ఆరేళ్ల పిల్లలా ఉంది. ఐదు నిండితే హాఫ్ టికెట్ కొట్టాలి. దారిలో చెకింగ్ ఎక్కితే నా ఉద్యోగం మీదికి వస్తుంది. గట్టిగా అడిగాను. ఆమె మాట్లాడకుండా కొంగు ముడి విప్పి చిల్లర లెక్కపెట్టి ఇచ్చింది.

రాత్రి నోటుబుక్కులో ‘రూల్ ప్రకారం చేశాను’ అని రాసుకున్నాను. మరి ఎలాంటి పిల్ల, ఎలా ఉంది అని రాయబోతే, కిటికీ దగ్గర నవ్విన ముఖం గుర్తొచ్చింది. పళ్లన్నీ ఉన్నాయి. అన్నీ చిన్న చిన్న పాలపళ్లు. మా పెద్దమ్మాయికి ఆరో ఏట ముందరి పన్ను ఊడింది. పళ్లను బట్టి వయసు కచ్చితంగా చెప్పలేమనుకోండి. అయినా ఆ పాపకు నాలుగేళ్లే అయి ఉండొచ్చు, మనిషి పొడుగు అంతే. బస్సులో ఆ ముఖం నా ఎదురుగానే ఉంది, అప్పుడు కనిపించలేదు. ఇంట్లో కూర్చుని వంకర అక్షరాలతో రాస్తుంటే కనిపించింది. ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఏ తల్లితోనైనా హాఫ్ టికెట్ గొడవ వస్తే, ముందు పిల్లను ఒకసారి నవ్వించేవాణ్ని. దీనికి ప్రతిభ ఎందుకో ఆ పెద్దమనిషే చెప్పాలి.

ఇక 2009 అక్టోబరు 2. తుంగభద్ర, హంద్రీ ఊళ్లోకి వచ్చిన రోజు గురించి కర్నూలోళ్లకు కొత్తగా చెప్పేది లేదు. మిద్దె ఎక్కి ప్రాణాలు దక్కించుకున్నాం. నీళ్లు తీశాక దిగి చూస్తే ఇంట్లో మోకాటి లోతు బురద. మంచం కింద ట్రంకు పెట్టెలో నా 22 నోటుబుక్కులు. సిరా పెన్నుతో రాసినవి ఉత్త నీలి మరకలు. బాల్ పెన్నువి ఒకదానికొకటి అతుక్కుని ఇటుకల్లా అయ్యాయి. ఎండబెట్టి విడదీద్దామని రెండు రోజులు కూర్చున్నాను. ‘బియ్యం పాయె, బట్టలు పాయె, నువ్వు ఆ పుస్తకాలు ముందరేసుకోని కూచుంటివి’ అంది మా ఆవిడ. నిజమే. బురదతో పాటు ఎత్తి పారబోశాం.

చాలా బాధపడ్డాను, దాచుకోను. కానీ తర్వాత ఆలోచిస్తే, పదిహేనేళ్లలో ఆ పుస్తకాలు తెరిచి చదివింది పట్టుమని పదిసార్లు ఉండదు. అవి చదువుకోవడానికి రాసినవి కావు. నాకు ఇవ్వాల్సింది రాస్తున్నప్పుడే ఇచ్చేశాయి. పాప పళ్ల సంగతి వరదలో పోలేదు కదా. వారం తిరగకముందే వేబిల్లు అని మా డ్యూటీ కాగితం ఉంటుంది, ఖాళీది ఒకటి తీసి దాని వెనక రాశాను: ‘తలుపులు ఉబ్బినాయి. గడియ పడటం లేదు. ఈ రోజు పాలు దొరికినాయి.’

అలాగని తిరగేసి చూసుకోవడం దండగ అనను. 2012లో ఊళ్లో బోరు ఖర్చు దగ్గర నాకూ తమ్ముడికీ మాట పెరిగింది. రోజూ రాత్రి వాడి మీద కోపం కాగితం మీద పోసేవాణ్ని. రెండు వారాల తర్వాత ఎందుకో మొదటి పేజీ తీశాను. ‘సేద్యం సంగతి నీకేం తెలుసన్నా’ అన్నాడని ఉంది. అంతే. ఐదో రోజుకు ‘నన్ను పురుగులా చూశాడు’ అయింది. పదో రోజుకు ‘నలుగురిలో నా పరువు తీశాడు’ అని ఉంది. ఆ రోజు బోరు దగ్గర మేమిద్దరం తప్ప పురుగు కూడా లేదు! వాడు అన్న మాట మారలేదు, నేనే రోజుకింత పెంచుకుంటూ వచ్చాను. పేజీలు లేకపోతే పదో రోజు మాటే నిజమని చచ్చేదాకా నమ్మేవాణ్ని. ఆ దసరాకు ఊరికి పోయాను. బోరు లెక్క ఇంకా తేలలేదు, అది వేరే సంగతి.

మా పెద్దమ్మాయి నర్సింగ్ చదివింది. ఇవన్నీ చెప్తే, ‘నాయనా, దీని మీద పరిశోధనలే ఉన్నాయి’ అంది. అమెరికాలో జేమ్స్ పెన్నెబేకర్ అనే సైకాలజీ ప్రొఫెసరు, సాండ్రా బీల్ అనే ఆమెతో కలిసి 1986లో ఒక పరిశోధన అచ్చు వేశారట. కాలేజీ పిల్లలను వరసగా నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాలు రాయమన్నారు. కొందరిని మనసును కలచివేసిన అనుభవాల గురించి, మరికొందరిని మామూలు సంగతుల గురించి. మనసులోది బయటపెట్టి రాసినవాళ్లకు రాసిన వెంటనే దిగులు ఎక్కువైంది. కానీ తర్వాతి నెలల్లో వాళ్లు కాలేజీ ఆస్పత్రికి పోవడం తగ్గింది. తర్వాత ఇలాంటివి చాలా చేశారు. లాభం అందరికీ ఒకేలా రాలేదని, మొత్తం మీద చూస్తే చిన్నదేనని తేలిందట. చిన్నదే కానీ, ఐదు రూపాయల పెన్ను ఇంకెంత ఇస్తుంది? ఒక జాగ్రత్త మాత్రం మా అమ్మాయి చెప్పింది. రాసేకొద్దీ మనసు మరీ కుంగిపోతుంటే పెన్ను పక్కన పెట్టి, ఎవరితోనైనా మాట్లాడాలి, అవసరమైతే డాక్టరు దగ్గరికి పోవాలి.

డాక్టరు అంటే గుర్తొచ్చింది. రిటైరయ్యాక నాకు షుగరు వచ్చింది. మధ్యలో తల తిరగడం మొదలైంది. ఎప్పుడెప్పుడు అని డాక్టరు అడిగితే నోటుబుక్కు తీసి తేదీలు చదివాను. ఆయన క్యాలెండరు చూసి, ‘అన్నీ శనివారాలే కదా, ఏం చేస్తారు ఆ రోజు?’ అన్నారు. శనివారం నాకు ఒక్కపొద్దు. మాత్ర వేసుకుని పస్తు ఉంటున్నాను. చీవాట్లు పెట్టి పంపారు.

ఏం రాయాలి, మా బతుకుల్లో ఏముంది అని అడిగేవాళ్లు ఉంటారు. 1830లో ఏనుగుల వీరాస్వామి గారు మద్రాసు నుంచి కాశీకి బయలుదేరి, మన కడప, అహోబిలం, శ్రీశైలం మీదుగానే పోయారు. అప్పటి మద్రాసు సుప్రీం కోర్టులో దుబాసీ, అంటే ఒకరి మాట ఇంకొకరికి వాళ్ల భాషలో చెప్పే ఉద్యోగి, బాగా చదువుకున్న మనిషి, నాకు ఆయనతో పోలిక లేదు. కానీ ఆయన దారి పొడుగునా రాసుకున్న వాటిలో ఎక్కువ ఏముంటాయి? ఈ మజిలీలో అంగళ్లు ఉన్నాయా, నీళ్లు దొరుకుతాయా, దారి ఎట్లుంది. ఏమీ తోచని రోజు నేనూ అదే చేస్తాను. కొళాయి ఎప్పుడొచ్చింది, టమోటా కిలో ఎంత, మొదటి వానకు తుగ్గలి, జొన్నగిరి వైపు వజ్రాల కోసం ఎవరెవరు పోయారు. నిన్న రాత్రి రాసింది రెండే లైన్లు. మీకు ఈ ఉత్తరం రాయాలని ఒకటి, కవర్లు కొనాలని ఒకటి.

కాబట్టి ఆ పెద్దమనిషి మాట వేసినట్టే, వీలైతే నా మాటా వేయండి. తప్పులు మీ డెస్కు వాళ్లు దిద్దుతారని నాకు తెలుసు. తమ్ముడి సంగతి రాశాను గనుక పేరు మాత్రం వేయొద్దని మనవి. వాడు మీ పత్రికే తెప్పించుకుంటాడు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ కండక్టరు,
పాతబస్తీ, కర్నూలు