ఆడ ఫైటర్ చేపలు తెచ్చే ముందు ఇది చదువు

విజయనగరం,
ఆదివారం రాత్రి

ఒరే బావా,

ఎలా ఉన్నావు? అత్తకి మోకాళ్ల నొప్పులు తగ్గాయా? ఆడ ఫైటర్ చేపలు (బెట్టాలు) నాలుగు తెచ్చి ఒకే తొట్టెలో వేస్తానని ఫోన్‌లో అన్నావు చూడు, అప్పట్నించీ నాకు ఒకటే టెన్షన్. ఈ ఉత్తరం పూర్తిగా చదివేదాకా తేకు.

నిరుడు నా దగ్గర ఏం జరిగిందో నీకు పూర్తిగా చెప్పలేదు. "మగవే కొట్టుకుంటాయి, ఆడవి కలిసుంటాయి" అని అమ్మినతను అంటే నమ్మి, మూడింటిని 20 లీటర్ల తొట్టెలో వేశాను. రెండు రోజులు బాగానే ఉన్నాయి. మూడోనాడు సిరిమాను చూసి ఇంటికొచ్చేసరికి నీలం చేప ఓ మూల బిక్కచచ్చి ఉంది. తోక పీలికలైపోయింది. గాలి కోసం పైకి రాబోతే ఎర్రది మీదికి దూకుతోంది. ఫైటర్లు మొప్పలతో పాటు నీటి పైకొచ్చి కూడా గాలి పీల్చుకోవాలి కదా, ఆ కాస్త గాలీ దానికి దక్కనివ్వలేదు. మర్నాటికి పోయింది. ఇప్పటికీ ఆ మూల చూస్తే బాధేస్తుంది.

వీటి సొంత దేశం థాయ్‌లాండ్. అక్కడా మన వైపులాగే వరి మడులు, కాలవలు. ఓడిన చేప గడ్డిలోకి జారుకుంటే తగవు అక్కడితో సరి. అద్దాల తొట్టెలో ఎక్కడికి పోతుంది?

అందుకే ఇప్పుడు మూడడుగుల తొట్టె పెట్టాను, 120 లీటర్ల దాకా పడుతుంది. ఆరు చేపలు. మూడు నాలుగైతే దెబ్బలన్నీ ఒక్కదాని మీదే పడతాయి. ఆరింటినీ ఒకే రోజు వదిలాను, ముందొచ్చింది చోటంతా తనదే అనుకోకుండా. ఈ చివర నుంచి ఆ చివర కనిపించకుండా జావా మాస్, వాటర్ స్ప్రైట్ అనే నీటి మొక్కలు ఒత్తుగా నింపాను. పగిలిన కుండలు, కొబ్బరి చిప్పలు బోర్లించాను. మేత కూడా రెండు మూడు చోట్ల వేస్తాను. మూత మరిచిపోకు, ఇవి ఎగిరి బయట పడతాయి.

అయినా ఒకటి పెత్తనం మొదలుపెట్టింది. దాన్ని తీసి వారం రోజులు విడిగా ఉంచాను. ఈలోగా కుండలన్నీ చోటు మార్చేశాను. తిరిగి వేస్తే కొత్త చోటికి వచ్చినట్టు తడుముకుంది, జోరు తగ్గింది. అలా తగ్గనివీ ఉంటాయి బావా, వాటిని ఎప్పటికీ విడిగానే ఉంచాలి.

కాసేపు మొప్పలు విప్పుకుని బెదిరించుకుంటే కంగారు పడకు. తల నుంచి తోక దాకా పొడుగు చారలు తేలినా, మేత మానేసినా, రెక్క చిరిగినా మాత్రం తెల్లారేదాకా ఆగకు, దెబ్బలు తిన్నదాన్ని వెంటనే వేరు చెయ్యి. అందుకు మరో చిన్న తొట్టె నీళ్లు పోసి సిద్ధంగా ఉండాలి. దానికి వీలుపడకపోతే ఒక్క చేపనే తెచ్చి పెంచుకో, నా మాట విను.

వచ్చే ఆదివారం ఆముదాలవలసలో రైలెక్కి వచ్చెయ్. నా తొట్టె ముందు ఓ గంట కూర్చుని చూద్దువుగాని. నీ తొట్టెలో వేసుకోడానికి మాస్, ఎండిన బాదం ఆకులు కట్టి ఇస్తాను.

ఇట్లు
నీ బావ